ఎండాకాలం పాస్ తీసుకున్న పిల్లలకు, వాళ్ళ అమ్మానాన్నలకు

కడప కోటిరెడ్డి సర్కిల్ దగ్గర మన గేమింగ్ సెంటర్‌కు వచ్చే అందరికీ నమస్కారం. దీవి గేమ్ కొత్త అప్‌డేట్‌తో ఎందుకు పాడయిందని, పాస్ డబ్బు సంగతేమిటని అడిగినవాళ్ళకు వారం రోజులుగా కౌంటర్ దగ్గర ఒక్కొక్కరికీ ఒక్కో ముక్క జవాబు చెబుతూ వచ్చాను. అది సరిపోలేదని నాకు తెలుస్తూనే ఉంది. అందుకే కూర్చుని మొత్తం రాస్తున్నాను.

ముందు డబ్బు సంగతి. 30 గంటల పాస్ 900 రూపాయలకు కొన్నవాళ్ళకు, ఎన్ని గంటలు మిగిలి ఉంటే అన్ని గంటల డబ్బు తిరిగి ఇస్తాను. ఒక్క గంట కూడా వాడనివాళ్ళకు మొత్తం 900 ఇస్తాను. ఫోన్‌పే చేయమన్నా సరే, చేతికి ఇవ్వమన్నా సరే. కార్డు పోయినా పర్వాలేదు, నా పుస్తకంలో పేర్లున్నాయి. వద్దు, ఆడుకుంటాం అనేవాళ్ళు ఆడుకోవచ్చు.

ఇక జరిగింది చెబుతాను. మన దగ్గర ఎక్కువ మంది ఆడే దీవి గేమ్ ఒకటుంది కదా. నలుగురు కలిసి చెట్లు కొట్టి, రాయి తవ్వి, ఊరు కట్టుకునే గేమ్. దాన్ని తయారు చేసింది విదేశంలో ఉన్న ఒక చిన్న టీమ్. పేరు రాయడం లేదు, వాళ్ళ మీదికి మిమ్మల్ని ఉసిగొల్పడం నాకు ఇష్టం లేదు. కొండ ప్రాంతం, పడవలు, పంటలు వస్తున్నాయని మార్చిలో వాళ్ళు ఒక వీడియో పెట్టారు. అది చూసి నేను మెట్ల దగ్గర పోస్టర్ అంటించాను: 'మే నెలలో పడవలు, కొండలు, పంటలు. ఎండాకాలం పాస్ ఇప్పుడే తీసుకోండి.' 64 పాస్‌లు అమ్ముడుపోయాయి. నా చేతిలో లేని దాన్ని చూపించి డబ్బు తీసుకున్నాను. తప్పు అక్కడే మొదలైంది, అది నాది.

అప్‌డేట్ వచ్చిన రాత్రి రెండు గంటల దాకా కూర్చుని పన్నెండు సిస్టమ్స్‌లోనూ ఎక్కించాను. మర్నాడు పొద్దున మీరంతా ఎంత ఆశగా వచ్చారో నాకు గుర్తుంది. పడవ నీళ్ళలోకి తోస్తే పది అడుగులు పోయి మునిగిపోయింది, అందులో ఎక్కిన మనుషులు మాత్రం నీళ్ళ మీద నిలబడే ఉన్నారు. విత్తనాలు వేస్తే మొలక వచ్చి అక్కడే ఆగిపోయింది. కొండ ప్రాంతం గేటు తెరుచుకుంది కానీ లోపల ఒక్క చెట్టు లేదు, ఒక్క గుహ లేదు. గోధుమరంగు నేల, మధ్యలో 'త్వరలో' అని ఒక బోర్డు. ఆ బోర్డు ముందు ఒక పిల్లోడు మౌస్ వదిలేసి చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఏమీ అనలేదు. నాకు ఇంకా ఆ పిల్లోడి ముఖమే కళ్ళముందు ఉంది.

అంతకంటే పెద్ద నష్టం గండికోట పిల్లలది. ఇంటర్ చదివే నలుగురు కలిసి మూడు నెలలుగా గేమ్‌లో గండికోట కడుతున్నారు. కింద పెన్నా లోయ, పైన కోటగోడ, లోపల మాధవరాయస్వామి గుడి, జామా మసీదు, పక్కన ధాన్యాగారం. జమ్మలమడుగు పోయినప్పుడల్లా ఫోన్‌లో ఫోటోలు తీసుకొచ్చి, గోడలో రాయి ఏ వరసలో ఉందో చూసి పేర్చేవాళ్ళు. అప్‌డేట్ తర్వాత తెరిస్తే గోడలు నేల వదిలి గాలిలో తేలుతున్నాయి, ధాన్యాగారం పైకప్పు పూర్తిగా పోయింది. వాళ్ళలో చిన్నవాడు నా దగ్గరికి వచ్చి "యాడికి పాయన్నా మా ధాన్యాగారం?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

పాత వెర్షన్‌కు పోతే సరిపోదా అని చాలామంది అడిగారు. గేమ్ వరకు పోవచ్చు. మనం గేమ్‌లు కొని ఆడే స్టీమ్ అనే యాప్‌లో గేమ్ పేరు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో బీటాస్ అనే చోట పాత వెర్షన్ ఎంచుకోవచ్చు, తయారుచేసినవాళ్ళు దాన్ని అక్కడ ఉంచితేనే. ఈ గేమ్‌కు ఉంచారు. కానీ మీ ఊళ్ళు, కోటలు ఉండేది సేవ్ ఫైల్‌లో. కొత్త వెర్షన్ దాన్ని ఒకసారి తెరిచిందంటే తన పద్ధతిలో తిరగరాసేస్తుంది. ఆ తర్వాత పాత వెర్షన్‌కు అది చదవడం రాదు. అప్‌డేట్ చేసేముందు సర్వర్ సిస్టమ్‌లో ఉన్న సేవ్ ఫోల్డర్‌ను కాపీ చేసి పక్కన పెట్టుకుంటే ఈ బాధే లేదు. రెండు నిమిషాల పని. ఆ రాత్రి నేను చేయలేదు. నా దగ్గరున్న ఆఖరి కాపీ 23 రోజుల కిందటిది.

గేమ్ వాపస్ ఇచ్చి డబ్బు తెచ్చుకోండి అని ఒకాయన సలహా ఇచ్చారు. స్టీమ్‌లో మామూలుగా వాపస్ తీసుకోవాలంటే కొని 14 రోజులు దాటకూడదు, ఆడింది రెండు గంటల లోపు ఉండాలి. మనం ఎప్పుడో దాటేశాం.

ఈ గేమ్ ఇంకా ఎర్లీ యాక్సెస్‌లోనే ఉంది, అంటే పూర్తికాకముందే అమ్ముతున్నారు. స్టీమ్‌లో ఈ పద్ధతి 2013 నుంచి ఉంది. కొన్ని టీమ్‌లు గేమ్ పూర్తి చేయలేకపోవచ్చు, ఇప్పుడున్నది నచ్చితేనే కొనండి అని స్టీమ్ వాళ్ళే చెబుతారు. నేను గేమ్ కొన్నప్పుడు అది చదివాను. మీకు పాస్ అమ్మినప్పుడు మాత్రం ఆ మాట చెప్పలేదు.

తయారుచేసినవాళ్ళ గురించి నా అభిప్రాయం కూడా దాచను. చిన్న టీమ్, పని ఆలస్యమవుతుంది, అందులో తప్పు లేదు. స్టార్‌డ్యూ వ్యాలీ అనే వ్యవసాయం గేమ్‌ను ఎరిక్ బరోన్ ఒక్కడే తయారుచేశాడు. దాని 1.6 అప్‌డేట్ 2024 మార్చిలో కంప్యూటర్లకు వస్తే, ఫోన్లకు నవంబర్‌లో వచ్చింది. ఫోన్‌లో ఆడేవాళ్ళు ఆ ఎనిమిది నెలలూ నన్ను అడుగుతూనే ఉన్నారు, కానీ ఎవరికీ ఉన్న పొలం పాడవలేదు. మైన్‌క్రాఫ్ట్ పెద్ద కంపెనీదే, అయినా 2021లో గుహలు, కొండల అప్‌డేట్ ఒకేసారి ఇవ్వలేమని ముందే చెప్పి, జూన్‌లో సగం, నవంబర్‌లో సగం ఇచ్చారు. ముందే చెప్పడం అంటే అది. నో మ్యాన్స్ స్కై అనే గేమ్ 2016లో వచ్చినప్పుడు, కలిసి ఆడొచ్చని ఆశపడి కొన్నవాళ్ళకు అది దొరకలేదు. సరైన మల్టీప్లేయర్ 2018 జూలైలో వచ్చింది. అది కొన్నప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉన్న పిల్లోడు, అది వచ్చేసరికి ఇంటర్ అయిపోయి కాలేజీ మారిపోయి ఉంటాడు. ఆ టీమ్ వదిలేయకుండా ఏళ్ళ తరబడి ఉచితంగా బాగుచేస్తూ వచ్చింది, దానికి వాళ్ళను మెచ్చుకోవాల్సిందే. కానీ ఎదురుచూసిన పిల్లోడి రెండేళ్ళు ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

మన దీవి గేమ్ వాళ్ళు కొండల్ని పరీక్ష వెర్షన్‌లో పెట్టి, ఇష్టమున్నవాళ్ళే ఆడండి అని ఉంటే నాకు ఏ ఫిర్యాదూ ఉండేది కాదు. సగం పనిని అందరి మీదికీ ఒకేసారి వదలడం నాకు నచ్చలేదు. అదే మాట, పడవ మునిగే వీడియోతో సహా వాళ్ళకు రాసి పంపాను. మీరూ రాయండి, కానీ బూతులు వద్దు. ఎక్కడ, ఏం చేస్తుంటే పాడయిందో రాస్తే వాళ్ళకు పనికొస్తుంది.

ఇప్పటి నుంచి మన సెంటర్‌లో ఏర్పాట్లు ఇవి. పది సిస్టమ్స్ పాత వెర్షన్‌లోనే ఉంటాయి. 11, 12 నంబర్లలో కొత్త వెర్షన్ ఉంటుంది, చూడాలనుకునేవాళ్ళు చూడొచ్చు, కానీ మీ పాత ఊరిని అందులో తెరవనివ్వను. రోజూ షట్టర్ వేసేముందు అన్ని సేవ్‌లూ రెండు హార్డ్ డిస్కుల్లోకి కాపీ చేస్తున్నాను, అందులో ఒకటి నాతో ఇంటికి వస్తుంది. పెన్‌డ్రైవ్ తెచ్చుకుంటే మీ కాపీ మీకే ఇస్తాను, డబ్బు అడగను. స్టీమ్‌లో అప్‌డేట్‌ను పూర్తిగా ఆపే వీలు లేదు, గేమ్ తెరిచినప్పుడే చేయమని మాత్రం పెట్టుకోవచ్చు. అలాగే పెట్టాను. కాబట్టి ఏదైనా సిస్టమ్‌లో అప్‌డేట్ అడిగితే మీరు నొక్కకండి, నన్ను పిలవండి. మెట్ల దగ్గర పోస్టర్ చించేశాను. ఇక మీదట రాని దాన్ని చూపించి పాస్ అమ్మను.

"అన్నీ మళ్ళీ కట్టుకుంటారులే అన్నా, గేమే కదా" అని ఒకరిద్దరు నాకు ధైర్యం చెప్పారు. వాళ్ళ మంచితనానికి థ్యాంక్స్, కానీ నేను అలా అనుకోలేను. సెలవుల్లో, ఈ ఎండలో, మధ్యాహ్నం పూట నాలుగు రాళ్ళు వరసగా రాలేదని గోడ పడగొట్టి మళ్ళీ కట్టిన పిల్లల్ని నేను రోజూ చూశాను.

గండికోట పిల్లలతో మాట్లాడాను. 23 రోజుల కిందటి కాపీ పాత వెర్షన్‌లో తెరుచుకుంది. గుడి, మసీదు బాగానే ఉన్నాయి, కోటగోడ తూర్పు వైపు సగమే ఉంది, ధాన్యాగారానికి పునాది మాత్రమే ఉంది. మళ్ళీ కడతాం అన్నారు. అది పూర్తయ్యేదాకా వాళ్ళ గంటలు లెక్క వేయను. ఇలా ఊరు పోగొట్టుకున్నవాళ్ళు ఇంకెవరున్నా వచ్చి చెప్పండి, వాళ్ళకూ ఇదే మాట. ఆదివారం పొద్దున తొమ్మిదికే షట్టర్ తీస్తాను. 3 నుంచి 6 నంబర్ల సిస్టమ్స్ ఆ నలుగురికి ఉంచాను, ధాన్యాగారం ఫోటోలు పెద్దవిగా ప్రింట్ తీసి మానిటర్ల పక్కన అంటించాను.