పడగొట్టే ముందు ఆ ఇంటి తీరు రాసుకోండి: సాంస్కృతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ పర్యాటక, సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

అనంతపురం జిల్లాలో మా అవ్వది మట్టి మిద్దె. మూడేళ్ల కిందట దాన్ని పడగొట్టి కొత్తిల్లు కట్టుకున్నాం. గోడ నెర్రెలిచ్చింది, అవ్వ పడుకునే చోటే మట్టి రాలేది. కొత్తిల్లు కట్టుకోక తప్పలేదు. నా బాధ అది కాదు. పాత ఇంటిని చూడటానికి వచ్చినాయన కాగితం మీద "పాత మట్టి ఇల్లు" అని రాసుకుని వెళ్లిపోయాడు. ఆ మూడు మాటల్లో మా ఇంటి ఆనవాలు ఒక్కటీ లేదు.

అది ఎట్లా ఉండేదో చెప్తాను. రెండడుగుల మందాన రాళ్లూ మట్టీ కలిపి కట్టిన గోడలు. వాటి మీద వేప దూలాలు, దూలాల మీద దంతెలు అనే సన్నటి అడ్డకర్రలు, ఆపైన కట్టెలు, అన్నిటికన్నా పైన చవుడు మట్టి. ఏటా వానలకు ముందు కొత్త చవుడు తోలి, మిద్దె మీద పరిచి, సదును చేసేవాళ్లు. వంటింటి కప్పులో ఒక గవాక్షి. పొయ్యి పొగ దాంట్లోంచే పోయేది, మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు కంచం మీద వెలుగు దాంట్లోంచే పడేది. మబ్బు పట్టిందంటే చాలు, అవ్వ నన్ను మిద్దె ఎక్కించి గవాక్షి మీద బండ మూయించేది. వాన తక్కువ, ఎండ ఎక్కువ ఉన్న సీమలో పుట్టిన ఇల్లు అది. గోదావరి జిల్లాల వానలకు అది నిలవడం కష్టం.

ఏ ఇల్లు ఏ సీమదో కప్పు చూస్తే సగం తెలిసిపోతుంది. ఉత్తరాంధ్ర తీరంలో చుట్టిల్లు చూడండి. గుండ్రటి మట్టిగోడ, వాసాలన్నీ నడినెత్తిన ఒకచోట కలుస్తాయి. తాటాకు చూరు ఎంత కిందికి దిగుతుందంటే వంగితే తప్ప లోపలికి పోలేం. గాలి కొట్టడానికి మూల లేదు, చూరు కింద దూరి కప్పును లేపడానికి సందూ తక్కువే. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ విరుచుకుపడిన తీరం అది. అక్కడివాళ్లు ఆ ఆకారాన్ని ఊరికే ఎంచుకోలేదు.

కృష్ణా, గోదావరి జిల్లాల మండువా లోగిలి సంగతి వేరు. కప్పు నాలుగు వైపుల నుంచీ లోపలికి వాలుతుంది. వాన నీళ్లు ఇంటి నడుమ పడి, తూము గుండా బయటికి పోతాయి. గూన పెంకులు తీసేసి బెంగుళూరు పెంకులు వేసినా అది మండువాయే, వాలు మారలేదు కాబట్టి. పెంకు చూసో, పేరు విన్నో ఇంటిని గుర్తుపట్టబోతే పొరబడతాం. మా వైపు ఇప్పుడు సిమెంటు స్లాబు ఇంటినీ మిద్దె అనే అంటారు.

2011 జనాభా లెక్కల్లో కప్పు, గోడ, నేల దేంతో కట్టారని అడిగారు, ఇంటి ఆకారం అడగలేదు. దాంతో చుట్టిల్లూ, పొలంలో నిన్నగాక మొన్న వేసిన తాటాకు పాకా ఒకే గడిలోకి చేరతాయి. పోనీ పురావస్తు చట్టమైనా ఆదుకుంటుందా అంటే, 1958 నాటి కేంద్ర చట్టం ప్రకారం కట్టడానికి కనీసం నూరేళ్లు ఉండాలి. తాటాకు కొన్నేళ్లకోసారి మార్చాల్సిందే, చవుడు ఏటా వేయాల్సిందే. ఇల్లు పాతబడితే మళ్లీ కడతారు, కానీ కట్టే తీరు తాతల నాటిదే. ఆ తీరుకు వయసు లెక్కగట్టే చట్టం లేదు. చెన్నై దగ్గర ముట్టుకాడులోని దక్షిణచిత్రలో మన ఉత్తరాంధ్ర తీరపు ఇంటిని కట్టి చూపిస్తున్నారు. ఆ శ్రద్ధ మన ప్రభుత్వానికి ఇంకా ఎక్కువ ఉండాలి కదా!

ఎవరి కొత్తిల్లూ ఆపమని నేను అడగడం లేదు. ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ కింద ఇల్లు మంజూరు చేసేటప్పుడు లబ్ధిదారు ఉంటున్న ఇంటి ఫోటో ఎలాగూ తీస్తారు. గృహనిర్మాణ శాఖతో మాట్లాడి, దానికి నాలుగు ప్రశ్నలు చేర్పించండి. ఇల్లు గుండ్రమా, చదరమా? కప్పు ఎటు వాలింది? వెలుగు ఎక్కడి నుంచి వస్తుంది? గోడ దేంతో కట్టారు? గ్రామ సచివాలయం ఇంజనీరింగ్ అసిస్టెంట్ టేపు పట్టుకుని లోపలికి వెళ్తే పెద్దగా టైమ్ పట్టదు. ఇంట్లోవాళ్లు వాడే మాటలు కూడా ఉన్నవి ఉన్నట్టు రాయించండి. సుట్టిల్లు అంటే సుట్టిల్లు అనే రాయాలి. ఇలాంటి ఇళ్లు కట్టడం తెలిసిన మేస్త్రీలు ఇంకా ఉన్న ఊళ్లకు ముందు వెళ్లమనండి. వాళ్లలో చాలామంది పెద్ద వయసువాళ్లు.

పడగొట్టే ముందు రోజు సాయంత్రం నేనూ మా తమ్ముడూ అవ్వ ఇంటిని కొలిచి నోటుబుక్కులో రాసుకున్నాం. దూలాలు పదకొండు. గవాక్షి మూరెడు. పొయ్యి పక్క గోడలో దీపం గూడు, దాని చుట్టూ నల్లబడిన మట్టి. ఆ పేజీలు ఈ లేఖకు జత చేస్తున్నాను. ఇలా ఇళ్ల తీరు రాసుకునే జాబితా మీరు మొదలుపెట్టిన రోజు, అనంతపురం జిల్లా కింద ఆ ఇంటిని రాసుకోండి.

ఇట్లు,
అనంతపురం జిల్లా వాసి