టోనర్ సీసా మీద ఏముందో తెలుగులోనూ రాయాలి

సంపాదకులకు నమస్కారం.

‘ముఖం కడిగాక టోనర్ తప్పనిసరి’ అన్న మాట మీ మహిళల పేజీలో తరచుగా కనిపిస్తోంది. టోనర్ అంటే ముఖం కడిగాక చర్మానికి రాసుకునే నీళ్లలాంటి ద్రవం. ఏ టోనరో, ఎలాంటి చర్మానికో చెప్పకుండా ఆ మాట వేయవద్దని కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను కూర్మన్నపాలెంలో ఒక మందుల షాపులో ఫార్మసిస్టును. దువ్వాడ సెజ్‌లో షిఫ్టు ముగిశాక ఆడపిల్లలు బస్సు దిగి మా కౌంటరు దగ్గరికి వస్తారు. ‘అక్కా, జిడ్డు పోయే టోనర్ ఇవ్వండి’ అంటారు. చాలామంది విషయంలో అది జిడ్డు కాదు, చెమట.

మన విశాఖ గాలిలో తేమ ఎక్కువ కాబట్టి పట్టిన చెమట త్వరగా ఆరదు. ముఖం జిగటగా ఉంటుంది. చర్మంలోని గ్రంథులు వదిలే నూనె వేరు, ఈ చెమట వేరు. చెమటకు మామూలు నీళ్లు చాలు. దాని మీద ఆల్కహాల్ ఎక్కువగా ఉన్న టోనర్ రాస్తే చల్లగా, బిగుతుగా అనిపిస్తుంది. ఆల్కహాల్ ఆవిరవుతూ వేడిని లాగేయడం వల్ల వచ్చే చల్లదనమే అది. రెండు పూటలా అదే పని చేస్తే పైచర్మం ఎండి మంట పుడుతుంది, పొట్టు రేగుతుంది. ‘చర్మరంధ్రాలు మూసుకుంటాయి’ అని అమ్మేవాళ్లు చెప్పే మాట కూడా నిజం కాదు. తెరుచుకుని మూసుకోవడానికి వాటికి కండరాలు లేవు.

అసలు టోనర్ అవసరం సబ్బుతో వచ్చింది. సబ్బు క్షారం, దాని పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 9, 10 వరకు ఉంటుంది. చర్మం స్వతహాగా కొద్దిగా ఆమ్లగుణం కలది, 5కు అటూఇటూ. సబ్బు మిగిల్చిన పొరను తుడిచి, చర్మాన్ని మళ్లీ దాని స్థితికి తేవడానికి టోనర్ వాడేవారు. చర్మానికి దగ్గరగా ఉండే పీహెచ్‌తో ఫేస్‌వాష్‌లు ఇప్పుడు చాలానే దొరుకుతున్నాయి. అలాంటిది వాడే అమ్మాయికి ఆ పని కోసం వేరే సీసా అక్కర్లేదు.

టోనర్లన్నీ దండగ అని నేను అనను. రోజంతా ఏసీలో కూర్చుని చర్మం పొడిబారేవారికి తేమను పట్టి ఉంచే గ్లిజరిన్, హైలురోనిక్ ఆమ్లం ఉన్నవి మేలు చేస్తాయి. ముఖం కాస్త తడిగా ఉండగానే అరచేతిలో వేసుకుని అద్దుకుని, వెంటనే మాయిశ్చరైజర్ రాసుకోవాలి. దూది కూడా అవసరం లేదు. మొటిమలున్నవారికి 2 శాతం వరకు సాలిసిలిక్ ఆమ్లం ఉన్నది పనికొస్తుంది. గ్లైకాలిక్ ఆమ్లం ఉన్నదైతే రాత్రిపూటే వాడాలి, మర్నాడు సన్‌స్క్రీన్ మానకూడదు. అది రాసుకున్న చర్మం ఎండకు తొందరగా కమిలిపోతుంది. మిట్టమధ్యాహ్నం బస్‌స్టాపులో నిలబడే పిల్లకు ఈ మాట ఎవరు చెబుతున్నారు?

నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది మరొకటి. తెల్లబడటానికని స్టెరాయిడ్ కలిసిన క్రీములు నెలల తరబడి రాసుకున్న ముఖాలు. చర్మం పలచబడి, ఎర్రటి నరాలు తేలి ఉంటాయి. అలాంటి స్టెరాయిడ్ పూతమందులు చాలావాటికి 2018 నుంచి డాక్టరు చీటీ తప్పనిసరి. అయినా అవి ఎక్కడో ఒకచోట దొరుకుతూనే ఉన్నాయి. ఆ ముఖం మీద ఘాటైన టోనర్ వేస్తే నిప్పు రాజేసినట్టే. మంట తగ్గడానికి టోనర్ అడిగిన అమ్మాయికి నేను ఏ సీసా అమ్మను. కేజీహెచ్ చర్మవ్యాధుల ఓపీకి వెళ్లమ్మా అని పంపిస్తాను.

సరే, కొనేవాళ్లే చదువుకుని కొనుక్కోవాలి అంటారు. ఎలా చదవాలి? సౌందర్య సాధనాల నిబంధనలు 2020 ప్రకారం పదార్థాల జాబితా సీసా మీద ఉండాలి. ఒక శాతానికి మించి ఉన్నవాటిని ఎక్కువ పరిమాణం నుంచి తక్కువకు వరుసగా రాయాలి. ఇది మంచి నిబంధన. మొదటి మూడు నాలుగు పేర్లలో ‘ఆల్కహాల్ డీనాట్’, ‘ఎస్‌డీ ఆల్కహాల్’, ‘ఐసోప్రొపైల్ ఆల్కహాల్’ కనిపిస్తే పొడిచర్మం వారు, సున్నితచర్మం వారు దాన్ని పక్కన పెట్టేయవచ్చు. సీటైల్, సీటియరిల్ ఆల్కహాల్ వేరు. అవి మైనంలాంటివి, చర్మాన్ని ఎండబెట్టవు. కానీ ఈ జాబితా ఇంగ్లీషులో, చీమకాళ్లంత అక్షరాల్లో ఉంటుంది. పదో తరగతి తెలుగు మాధ్యమంలో చదివి పనిలో చేరిన అమ్మాయి దాన్ని ఏం పోల్చుకుంటుంది?

ధర, పరిమాణం లాంటి వివరాలు హిందీలో గానీ ఇంగ్లీషులో గానీ ఉండాలని 2011 ప్యాకేజీ నిబంధనలు చెబుతున్నాయి. అదనంగా మరో భాష వాడవద్దని మాత్రం ఎక్కడా అనలేదు. గాజువాక కూడలిలో హోర్డింగు మీద తాటికాయంత తెలుగు అక్షరాలు వేయగలిగిన కంపెనీలకు, పెట్టె మీద పది పేర్లు తెలుగులో వేయడం భారమా? ఆల్కహాల్ ఉందో లేదో, రాత్రి మాత్రమే వాడాలో కాదో తెలుగులో ఉండాలి. రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ ఈ విషయాన్ని కంపెనీల ముందు పెట్టాలి.

అది జరిగేలోగా మీరు చేయగలిగింది ఒకటుంది. టోనర్ గురించి వేసే ప్రతి వ్యాసం కింద ఈ పదార్థాల పేర్లను ఇంగ్లీషులోనూ, పక్కన తెలుగు లిపిలోనూ పెట్టి చిన్న పట్టికగా వేయండి. కత్తిరించి కౌంటరు అద్దానికి అతికిస్తాను. నా దగ్గరికి వచ్చే పిల్లలు సీసా పట్టుకుని అక్షరం అక్షరం పోల్చి చూసుకుంటారు.

ఇట్లు,
ఒక ఫార్మసిస్టు,
కూర్మన్నపాలెం, విశాఖపట్నం