గంజాయి కేసులో కూలివాడే ఎందుకు? అనంతపురం కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

కలెక్టర్ గారికి నమస్కారం.

గంజాయిని చట్టబద్ధం చేయమని మిమ్మల్ని అడగడం లేదు. అది పార్లమెంటు పని. ఆ మాటకొస్తే మా కమ్యూనిస్టులందరిదీ ఒకే మాట కాదు. క్యూబా, చైనా కఠినంగా నిషేధించాయి. ఉరుగ్వేలో వామపక్ష ప్రభుత్వమే 2013లో చట్టం తెచ్చి, సాగునూ అమ్మకాన్నీ తన అజమాయిషీలో పెట్టుకుని మందుల షాపుల్లో అమ్మించింది. నాకు ఈ రెండో దారే నచ్చుతుంది, కంపెనీల చేతికి పోనంతవరకు. సారా కాంట్రాక్టర్ల వైభోగం చూసినవాళ్లం కదా!

ఇక మన ఊరి సంగతి. మా వీధిలో ఒక హమాలీ కొడుకు చిన్న పొట్లంతో దొరికాడు. వాళ్లమ్మ కమ్మలు కుదువపెట్టి వకీలు ఫీజు కట్టింది. పొట్లం అమ్మినవాడి పేరు కేసులో ఎక్కడా లేదు. మత్తుపదార్థాల నియంత్రణకు ఉన్న 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఏ సెక్షన్ ఉంది: అలవాటుపడినవాడు చిన్న మొత్తంతో దొరికి, తానుగా ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఆసుపత్రికి వచ్చి వైద్యం చేయించుకుంటే, ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు పొందొచ్చు. గంజాయికి చిన్న మొత్తమంటే కిలో వరకు. ఈ ముక్క ఆ తల్లికి ఎవరూ చెప్పలేదు.

ఈగల్ (రాష్ట్ర పోలీసుల మాదకద్రవ్య నిరోధక విభాగం) వాళ్ల 1972 హెల్ప్‌లైన్ నంబరు బోర్డుల పక్కనే ఈ సెక్షన్‌ను కూడా తెలుగులో రాయించండి. వైద్యం ఎక్కడ దొరుకుతుందో కూడా అందులోనే వేయించండి.

ఇట్లు,
ఒక కార్మిక సంఘం పాత కార్యకర్త, అనంతపురం