ఏథెన్స్‌లోనూ అధిక మాసం ఉండేది

ఏథెన్స్

పెదనాన్న గారికి నమస్కారాలు.

గ్రీకులకు అధిక మాసం ఉండేదా, ఉంటే దాని బొమ్మ ఎక్కడైనా ఉందా అని అడిగారు. ఫోన్లో తేలే సంగతి కాదని రాస్తున్నాను. మాసం ఉండేది. సంవత్సరాన్ని చెక్కిన రాయి కూడా ఉంది, కానీ అందులో అధిక మాసానికి చోటు లేదు.

ఆ రాయి ఇక్కడి పెద్ద కెథడ్రల్ పక్కనే ఉన్న చిన్న చర్చి పడమటి గుమ్మం మీద ఉంది. మిక్రి మిత్రోపోలి అంటారు. గోడల నిండా పాత కట్టడాల నుంచి తెచ్చిన పాలరాతి ముక్కలే, వాటిలో ఈ పట్టీ ఒకటి. ఇది గ్రీకు రాజ్యాల చివరి రోజులదా, రోమన్ల కాలానిదా అన్నది పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. ఏథెన్స్ నెలలు మనుషుల రూపంలో వరసగా నిలబడి ఉంటాయి. మధ్యమధ్య రాశుల గుర్తులు, ఆ నెల పండుగ తాలూకు బొమ్మ. అంకెలు, తిథులు ఏమీ ఉండవు. ఏ పండుగ జరుగుతోందో చూసి ఏ నెలో పోల్చుకోవాలి.

ప్యానోప్సియోన్ (మన లెక్కన సుమారు ఆశ్వయుజం, కార్తీకం) దగ్గర ఒక కుర్రాడు కొమ్మ పట్టుకుని ఉంటాడు. ఉన్ని చుట్టిన ఆలివ్ కొమ్మ అది. దానికి అత్తిపళ్లు, రొట్టెలు, తేనె, నూనె కట్టి అపోలో దేవుడికి మొక్కి, వాకిలి మీద వేలాడదీసేవారు. ఆ రోజు దేవుడికి నైవేద్యం పప్పుగింజలన్నీ కలిపి ఉడికించినది, అంటే గుగ్గిళ్లే అనుకోండి. పోసెయిదెయోన్ దగ్గరికి వస్తే మీరు వదిలిపెట్టరు. బల్ల వెనక న్యాయనిర్ణేతలు, ముందు రెండు కోళ్లు కాలు దువ్వుతూ! అది డిసెంబరు, జనవరి నెల. మన భీమవరం వైపు సంక్రాంతి పందేలకు దగ్గరి రోజులే. వాళ్ల ఏడాదిలో మొదటి నెల హెకాటోంబాయియోన్ దగ్గర చక్రాల మీద ఓడ ఉంటుంది. ఎథీనా దేవతకు నేసిన చీరలాంటి వస్త్రాన్ని దాని తెరచాపగా కట్టి ఊరేగించేవారు. తర్వాతి కాలంలో క్రైస్తవులు పట్టీ మీద అక్కడక్కడ గుండ్రటి శిలువలు చెక్కారు. ఒకటి సరిగ్గా ఈ ఓడ మీద పడింది. చక్రాలు మిగిలాయి, పైభాగం చాలా మటుకు పోయింది.

దీన్ని పొద్దున్నే చూస్తే దండగ, ముఖభాగం నీడలో ఉంటుంది. మధ్యాహ్నం దాటి సూర్యుడు అప్పుడే పడమటికి తిరిగినప్పుడు ఎండ గోడను ఒరుసుకుంటూ పడి అరిగిపోయిన గీతలు కూడా లేస్తాయి. సాయంత్రం ఎండ ఎదురుగా కొడితే మళ్లీ చదునైపోతాయి.

ఇక లెక్క. వాళ్లదీ మనలాగే అమాంత మాసమే. అమావాస్య తర్వాత నెలవంకతో నెల మొదలు, 29 లేదా 30 రోజులు. రోజు మాత్రం సూర్యాస్తమయంతో మొదలయ్యేది. సంవత్సరాది ఎండాకాలపు అయనం (పగలు అన్నిటికన్నా పొడుగ్గా ఉండే రోజు) తర్వాతి అమావాస్య దాటాక. చివరి పది రోజులనూ వెనక నుంచి లెక్కపెట్టేవారు. ఆ ఓడ ఊరేగింపు పండుగ హెకాటోంబాయియోన్ 28న, కానీ వాళ్లు రాసేది చివరి నుంచి మూడో రోజని.

క్రీస్తుపూర్వం 432లో ఏథెన్స్ ఖగోళ పండితుడు మెటోన్ అయనాన్ని కొలిచి 19 ఏళ్లకు 235 నెలలు, 6,940 రోజులు అని లెక్క ఇచ్చాడు. 12 నెలల ఏళ్లు 12, 13 నెలల ఏళ్లు 7. మనకూ 19 ఏళ్లకు దాదాపు ఏడే అధిక మాసాలు కదా. తేడా ఎక్కడంటే, సంక్రమణం లేని నెల అధికం అని మనకు సూత్రం ఉంది. ఏథెన్స్‌లో అది ఊరి పెద్దల చేతిలో ఉండేది. ఎక్కువగా పోసెయిదెయోన్‌నే రెండుసార్లు చేసేవారు. మనకు అధికం ముందు, నిజం తర్వాత. వాళ్లకు రెండోదే అధికం. పండుగ ఏర్పాట్లు కాకపోతే మధ్యలో ఒకటి రెండు రోజులు కూడా కలిపేసేవారు. నాటకకర్త అరిస్టోఫనీస్ ఏకంగా చంద్రుడి చేతే ఫిర్యాదు చేయించాడు, తిథులు తారుమారై దేవుళ్లు పస్తులుంటున్నారని.

ఇది చాలదన్నట్టు సర్కారు పనులకు వేరే లెక్క. క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంలో అధిక మాసం లేని ఏడాదిని పది వంతులు చేసి, మొదటి నాలుగూ 36 రోజులు, మిగతా ఆరూ 35 రోజులు, మొత్తం 354. శాసనాల్లో ఈ తేదీ, పండుగల తేదీ రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. అందుకే ఎవరైనా ఫలానా గ్రీకు పండుగ పాతకాలంలో ఆగస్టు ఇన్నో తారీఖున జరిగిందని గట్టిగా చెబితే నేను నమ్మను.

గంటల సంగతి చూడాలంటే రోమన్ అగోరాలో (రోమన్ల కాలపు సంత స్థలం) గాలుల గోపురం ఉంది. ఎనిమిది పలకల పాలరాతి కట్టడం, ఎత్తు 12 మీటర్ల పైమాటే. పైన పలకకో గాలి చెక్కి ఉంటుంది. ఉత్తరపు గాలి శంఖం ఊదుతాడు, దక్షిణపు గాలి కుండ వంచి వాన పోస్తాడు, పడమటి గాలి పూలు చల్లుతాడు. ఋతువులను వాళ్లు పట్టుకున్నది ఇలాగే. కింద గోడ మీద నీడ గడియారపు గీతలు. మీ రాహుకాలం లెక్క ఇక్కడ సరిపోతుంది. మీరు పగటిని ఎనిమిది భాగాలు చేస్తారు, వాళ్లు పన్నెండు చేశారు. కాబట్టి ఏథెన్స్ గంట జూన్‌లో సుమారు 74 నిమిషాలు, డిసెంబరులో 47. దక్షిణపు పలక నిలువు గోడ గనుక శీతాకాలంలో నీడ పొట్టిగా పడుతుంది, ఆ కాలపు నీడకు హద్దు గీత పైన ఉంటుంది. ఎండాకాలపుది కింద. నేల మీది నీడకు అలవాటు పడ్డవాళ్లు ఇక్కడే తికమకపడతారు. ఉత్తరపు పలకకు ఎండ తగిలేది వేసవిలోనే, అదీ ఉదయం, సాయంత్రం కాసేపు.

మీ దగ్గర పాత పంచాంగాలుంటే వరసగా 19 ఏళ్లవి తీసి అధిక మాసాలు ఏ నెలల్లో వచ్చాయో రాసి పంపండి. వాళ్ల పోసెయిదెయోన్ పక్కన పెట్టి చూద్దాం.

పెద్దమ్మకు నమస్కారాలు.