వరద గీత

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటిపోయింది, ఏమీ అనుకోకు. రాద్దామని కూర్చున్నప్పుడల్లా వేళ్ళకి రంగు ఉండేది, కాగితం పాడవుతుందని లేచిపోయేవాణ్ని. ఇంట్లో అందరం కులాసా. అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి. చిన్నది పదో తరగతికి వచ్చింది. కొబ్బరి దింపు అయిపోయింది, అంబాజీపేటలో కొబ్బరి రేటు సంగతి మాత్రం అడక్కు. ఇంక అసలు సంగతికొస్తా. ఇది నీకు చెప్పకపోతే నాకు అన్నం అరిగేలా లేదు.

జీపు అయ్యిందిరా!

పోయినేడు నువ్వు తెచ్చిచ్చిన జపాన్ తమియా కంపెనీ వాళ్ళ విల్లీస్ జీపు కిట్టు, ప్లాస్టిక్ ముక్కలు బిగించి చేసుకునేది. 1/35 స్కేలు, అంటే అసలు జీపులో 35వ వంతు, ముందునుంచి వెనక్కి కొలిస్తే ఇంచుమించు 9.5 సెంటీమీటర్లు. బిగించడం సంక్రాంతికే అయింది, ఆకుపచ్చ రంగు వెయ్యడమూ అయింది. అయినా అది బొమ్మలాగే ఉండిపోయింది. ఎందుకో చాన్నాళ్ళు తెలియలేదు. అసలు జీపుకి బానెట్ అంచు కింద, బోల్టుల చుట్టూ, రేకూ రేకూ కలిసేచోట నీడ ఉంటుంది, మురికి పేరుకుంటుంది. దాన్ని 35 రెట్లు కుదించేస్తే ఆ సందుల్లో నీడ పడే చోటేదీ? ఆ నీడని మనమే రంగుతో పెట్టాలి. పల్చగా, డికాషన్‌లా కలిపి సందుల్లోకి వదలాలి. దాన్నే వాష్ అంటారు.

మొదటిసారి తొందరపడ్డాను. మ్యాట్ రంగు, అంటే మెరుపు లేని రంగు మీదే నేరుగా పెట్టేశాను. మ్యాట్ రంగు చేతికి నున్నగానే తగులుతుంది గానీ, అద్దుడు కాగితం లాంటిది. పెట్టినచోటే పీల్చేసుకుంది. బానెట్ నిండా, గచ్చు మీద టీ ఒలికి ఎండినట్టు, అంచులు కట్టిన మరకలు. ఆ రాత్రి నిద్ర పట్టలేదురా. నువ్వు అంత దూరం నుంచి ఒళ్ళో పెట్టుకుని తెచ్చావు. తెల్లారాక టర్పెంటైన్‌తో తుడిస్తే సగం పోయింది, మిగతా సగానికి బానెట్ మళ్ళీ రంగు వేశాను.

ముందు మెరుపు వార్నిష్ వెయ్యాలట. ఆ నున్నదనం మీద అయితే వాష్ నిలవకుండా సందు వెతుక్కుని జారిపోతుంది. సరే అని స్ప్రే డబ్బా తెచ్చి కొట్టాను. బయటేమో మూడు రోజులుగా ముసురు. జీపంతా తెల్లగా బూజు పట్టినట్టయిపోయింది! స్ప్రే ఆవిరయ్యేటప్పుడు పైపొర చల్లబడి, గాలిలో చెమ్మ దానిమీదకి దిగుతుంది. వానాకాలం మన గాలి నీకు తెలియంది కాదు, ఉప్పు గిన్నెలోనే నీరైపోతుంది. నాలుగు రోజులు ఆగాను. ఎండ కాసిన మధ్యాహ్నం పల్చగా ఇంకో పూత కొడితే ఆ తెలుపు కరిగిపోయింది. చూస్తుండగానే! రెండు రోజులు ముట్టుకోకుండా ఎండనిచ్చాను.

ఇక ఆ రోజు. కేమెల్ ఆయిల్ కలర్ ట్యూబు, బర్న్ట్ అంబర్. నలుపు పెడితే ఆకుపచ్చ మీద పెన్నుతో గీసినట్టుంటుంది, ముదురు గోధుమైతే నీడలా ఒదుగుతుంది. అట్టముక్క మీద కాస్త రంగు పిండి గంటసేపు వదిలేశాను, అందులోని అవిసె నూనెని అట్ట లాగేస్తుంది, తొందరగా ఆరుతుంది. తర్వాత ఒక పాలు రంగుకి పది పాళ్ళు మినరల్ టర్పెంటైన్. కింద రంగు అక్రిలిక్ కాబట్టి అది దాన్ని ఏమీ చెయ్యదు. బళ్ళ రంగుల్లో కలిపే ఎన్.సి. థిన్నర్ జోలికి మాత్రం పోకూడదు, ప్లాస్టిక్కే కరుగుతుంది.

సన్న బ్రష్ ముంచి, బానెట్ కీలు దగ్గర ఆనించాను. ఆనించానంతే. బోదెలో తూము ఎత్తగానే ఎండిన మట్టి మీద నీళ్ళు నాలుక చాపుకుంటూ ముందుకి పాకుతాయే, అచ్చం అలాగే ఆ రంగు తనంతట తనే సందు వెంట నడిచిపోయింది. అంచు చివర మలుపు కూడా తిరిగింది! గట్టిగా అరిచాను కాబోలు, అమ్మ వంటింట్లోంచి వచ్చేసింది. అరగంటాగి, పైకి వచ్చిన రంగుని టర్పెంటైన్‌లో తడిపిన దూది పుల్లతో పైనుంచి కిందికి తుడిచాను, వానకి మురికి జారే దారిలో. అప్పుడు చూశానురా. బొమ్మ కాదు. మీ జీపు.

గ్రిల్ గాట్లు లెక్కపెట్టకు, దీనికి 9, మీ మహీంద్రాకి 7. మీది బానెట్ కూడా ఎత్తు. అయినా అదే.

1986 ఆగస్టు. ధవళేశ్వరం దగ్గర గోదావరి వరద 35 లక్షల క్యూసెక్కులు దాటిన ఏడు. మావయ్యగారు ఏటిగట్టు మీద బియ్యం బస్తాలు తిప్పి తిప్పి, చివరికి జీపు నీళ్ళల్లోనే వదిలేసి వచ్చారు. నీళ్ళు తీశాక దాని చుట్టూ ఒకే ఎత్తులో గోధుమరంగు గీత. దసరా దాకా కడగనివ్వలేదు. మనిద్దరం బకెట్ పట్టుకెళ్తే "ఉండనీరా" అన్నారు. ఎందుకన్నారో అప్పుడు మనకి... సరే, అది నువ్వొచ్చాక మాట్లాడుకుందాం.

ఆ గీత ఎలా పెట్టాలా అని వారం కొట్టుకున్నాను. చేత్తో గీస్తే గీసినట్టే ఉంది. అప్పుడు బానెట్ మీద మరకలు గుర్తొచ్చాయి! పక్కలకి మాత్రం మ్యాట్ వార్నిష్ కొట్టి, వాష్ ధారాళంగా పెట్టి వదిలేశాను. ఎండుతూ అది తన అంచు తనే కట్టుకుంది. వరద కట్టినట్టే. చక్రాలకి మన కాలవగట్టు ఒండ్రు, ఎండబెట్టి నూరి పల్చటి గుడ్డలో జల్లించి పూశాను. ఒక మిల్లీమీటరు రేణువు పడినా ఈ కొలతలో అది మూడున్నర సెంటీమీటర్ల రాయి అవుతుంది, అందుకని మూడుసార్లు జల్లించాను. తడిగా ఉన్నప్పుడు నల్లగా, ఆరాక బూడిదరంగులో, మన పుంతలో ఉన్నట్టే ఉంది. వెనక సీటు కింద బిస్కెట్ పొట్లం కూడా పెట్టాను. ఎందుకో నీకు చెప్పక్కర్లేదు.

ఇది నీదే. నువ్వొచ్చి పట్టుకెళ్ళాలి, పోస్టులో పంపను. ముందు ఒక్క సంగతి వెంటనే రాయి. తమ్ముడు అమలాపురం వెళ్తున్నాడు, బండి మీద కూర్చుని హారన్ కొడుతున్నాడు, ఈ ఉత్తరం వాడికిచ్చెయ్యాలి. ఆ గీత హెడ్‌లైట్‌కి పైనా, కిందా? నేను కింద పెట్టాను. అమ్మేమో పైనే అంటోంది, మావయ్యగారు లైట్లలోంచి నీళ్ళు వంపడం తను చూసిందట. వచ్చే ఆదివారం దాకా ఆఖరి పూత ఆపుతాను, ఈలోగా