చట్టం వెతకడం నీ పని, సుధా

ఒంగోలు

చి. సుధకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం కులాసా. మొన్న ఫోన్‌లో నువ్వన్న మాట నన్ను వదల్లేదు. అక్కడ అమెరికాలో, విద్యార్థులు నిజమైన కేసులు చూసే మీ లా కాలేజీ క్లినిక్‌లో నీకిచ్చిన ఖైదీ పిటిషన్ గురించి అడిగితే, "అన్నీ చేతిరాత కాగితాలు నాన్నా, తన గోడు తప్ప లీగల్ పాయింట్ ఒక్కటీ లేదు" అన్నావు. అతనెవరో నాకు చెప్పకు, చెప్పకూడదు కూడా. కానీ ఆ మాటకు జవాబు చెప్పకుండా ఉండలేకపోతున్నా.

ఆ ఫారం తీసి చదివాను. రాష్ట్ర కోర్టులో శిక్ష పడ్డవాళ్లు సెక్షన్ 2254 కింద ఫెడరల్ (కేంద్ర) కోర్టుకు వెళ్లడానికి నింపేది, హేబియస్ పిటిషన్ అంటారే అది. ప్రతి గ్రౌండ్ (శిక్షను సవాలు చేసే కారణం) కింద ఏం రాసి ఉందో చూశావా? వాదించవద్దు, చట్టం చూపవద్దు, జరిగిన సంగతులే రాయమని. అతను అడిగిందే రాశాడమ్మా. అందులో చట్టం వెతకాల్సింది నువ్వు. "నా లాయరు ఫలానా సాక్షిని పిలవలేదు" అన్న ఒక్క వాక్యం చాలు, 1984 నాటి స్ట్రిక్‌ల్యాండ్ తీర్పు దాకా వెళ్లడానికి. ఆ తీర్పు ప్రకారం, లాయరు పని అంత నాసిగా ఉందా, సరిగ్గా చేసుంటే ఫలితం మారే అవకాశం గట్టిగా ఉందా అన్నవి నువ్వు తేల్చాలి.

అంతకన్నా ముందు తేదీలు లెక్కగట్టు. 1996లో వచ్చిన చట్టం వీళ్లకు ఒక్క ఏడాదే గడువిచ్చింది. మామూలుగా అప్పీలు ముగిసి, సుప్రీంకోర్టుకు వెళ్లడానికున్న 90 రోజులూ దాటాక ఆ ఏడాది మొదలవుతుంది. రాష్ట్ర కోర్టులో సక్రమంగా వేసిన పోస్ట్ కన్విక్షన్ పిటిషన్ (అప్పీలు అయ్యాక శిక్షను మళ్లీ సవాలు చేసేది) నడిచినన్నాళ్లు లెక్క ఆగుతుంది. తర్వాత మళ్లీ ఒకటి నుంచి మొదలవదు, ఆగినచోటి నుంచే సాగుతుంది. మన దగ్గర డిలే పిటిషన్ వేసి సరైన కారణం చూపిస్తే లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 కింద మన్నించే జడ్జీలున్నారు. అక్కడ అంత ఓపిక కనబడదు.

2007 నాటి బౌల్స్ కేసు చదువు. ఒహాయో ఖైదీ. హేబియస్ పిటిషన్ కొట్టేశాక అప్పీలుకు చట్టం ప్రకారం ఇవ్వగలిగింది 14 రోజులైతే, జడ్జి ఉత్తర్వులో 17 రోజులని రాశాడు. జడ్జి చెప్పిన తేదీకి ఒక రోజు ముందే అప్పీలు పడింది. అయినా ఆలస్యమేనని సుప్రీంకోర్టు 5-4తో తేల్చేసింది. కోర్టు మాట నమ్మినవాడికే తలుపు మూశారు. నాకది న్యాయంగా అనిపించలేదు, ఎన్నిసార్లు చదివినా.

2010 నాటి హాలండ్ కేసు ఇంకా దగ్గరగా చూడు. ఫ్లోరిడాలో మరణశిక్ష పడ్డ మనిషి. గడువు దాటనివ్వొద్దని లాయరుకు ఉత్తరం మీద ఉత్తరం రాశాడు. లాయరు జవాబివ్వలేదు, గడువు దాటింది. రాష్ట్ర కోర్టు తీర్పు ఎప్పుడో వచ్చేసిందని జైలు లైబ్రరీలో తనే తెలుసుకుని, మర్నాడే చేత్తో పిటిషన్ రాసి పంపాడు. గడువు లెక్క విషయంలో లాయరుది తప్పు, ఖైదీది ఒప్పు! అసాధారణ పరిస్థితుల్లో, పట్టు వదలకుండా ప్రయత్నించినవాడికి గడువు సడలించవచ్చని చివరికి సుప్రీంకోర్టు ఒప్పుకుంది. అతన్ని నిలబెట్టింది ఆ ఉత్తరాలే. అందుకే మీ ఖైదీ పాత లాయర్లకు రాసిన ప్రతి ఉత్తరం కాపీ అడుగు.

మన పాత క్రిమినల్ ప్రొసీజర్ చట్టం సీఆర్‌పీసీ సెక్షన్ 383 (2024లో దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో సెక్షన్ 424) కింద ఖైదీ జైలు అధికారికి అప్పీలు ఇస్తే ఆయనే కోర్టుకు పంపాలి. అలాంటి ఆలోచనే 1988లో హ్యూస్టన్ తీర్పుతో అక్కడా వచ్చింది: జైలు సిబ్బంది చేతికిచ్చిన రోజే దాఖలైనట్టు లెక్క. ఫారం చివర, కాగితం జైలు టపాలో వేసిన తేదీ అతను ప్రమాణం చేసి రాసే చోటుంది. కోర్టు ముద్ర మీది తేదీ చూసి టెన్షన్ పడేముందు అది చూడు.

మీ ప్రొఫెసర్‌తో మాట్లాడి ఈ వారమే అతనికి జవాబు పంపించు. కాగితాలు అందాయని, చివరిదాకా చదివానని, ఇంకా ఫలానా తేదీలు కావాలని రాయి. మిగతావి తర్వాత చూసుకోవచ్చు, జవాబు మాత్రం ఆపకు.

మీ నాన్న