ఎర్రమట్టి దిబ్బల్లోకి బండ్లు వద్దు

సంపాదకుల వారికి,

భీమిలిలో భూగోళం చెప్పి రిటైరైన టీచర్ని. వేల ఏళ్ల కిందట సముద్రం వెనక్కి తగ్గినప్పుడు గాలి మోసుకొచ్చి పోసిన ఇసుకే మన ఎర్రమట్టి దిబ్బలు. రేణువులకు ఐరన్ ఆక్సైడ్ పట్టి ఎరుపెక్కాయి. అది రాయిలా గట్టిపడలేదు గనుకనే వాన నీరు అందులో అన్ని లోయలు కోయగలిగింది. అదే కారణంగా బైకు చక్రం తగిలినా గట్టు విరుగుతుంది. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాకు ఎక్కిన చోటు ఇది! అయినా ఆదివారం వస్తే లోపలిదాకా బైకులు, ప్రీవెడ్డింగ్ షూటింగులు. చూస్తుంటే కడుపు తరుక్కుపోతోంది. వాహనాలను రోడ్డు దగ్గరే ఆపించి, ఒక్క కాలిబాట గుర్తించి, కాపలా పెట్టాలి.

భీమిలి డచ్ సమాధుల మీద అక్షరాలు కూడా ఉప్పుగాలికి అరిగిపోతున్నాయి. చదవగలిగినంత వరకు వాటిని ఇప్పుడే ఫొటోలు తీసి భద్రపరచాలని అధికారులను కోరుతున్నాను.

- ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, భీమునిపట్నం